చంక శోషరస గ్రంథుల్లో రొమ్ము క్యాన్సర్: శస్త్రచికిత్స, రేడియేషన్ – తులనాత్మక పరిశీలన

నిర్వచనం, పరిధి

రొమ్ము క్యాన్సర్ కణాలు రొమ్ము దాటి బయటికి పాకేటప్పుడు సాధారణంగా మొదట చేరేది అదే వైపు చంకలోని శోషరస గ్రంథుల్లోకి. వైద్యులు వీటిని లింఫ్ గ్రంథులంటారు. ఇవి ఉబ్బినప్పుడే ఇళ్ళలో ‘చంకలో బిళ్ళ కట్టింది’ అంటారు. బిళ్ళ కట్టిందంటే క్యాన్సరేనని కాదు. చేతి మీద చీము పట్టిన పుండున్నా, టీబీ ఉన్నా ఇవి ఉబ్బుతాయి. అలాగే చేతికి ఏమీ తగలనంత మాత్రాన గ్రంథుల్లో క్యాన్సర్ లేదనీ కాదు. వందేళ్ళుగా ఈ రంగంలో నడిచిన వాదాలన్నీ ఈ రెండో వాస్తవం చుట్టూ తిరిగినవే.

గ్రంథుల్లోకి చేరిన క్యాన్సర్‌ను అక్కడికక్కడే అదుపు చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గ్రంథులను కోసి తీసేయడం. రెండోది, వాటిని అక్కడే ఉంచి అధికశక్తి ఎక్స్‌రే కిరణాలతో లోపలి కణాలను చంపడం. జనం మాటల్లో ‘కరెంటు పెట్టడం’. కీమోథెరపీ, హార్మోన్ మాత్రలు, హెర్2 మందులు శరీరమంతటికీ పనిచేసేవి కాబట్టి ఇక్కడ అవసరమైనంత మేరకే ప్రస్తావనకు వస్తాయి.

చంక నిర్మాణం, దశల నిర్ణయం

చంకలోని కొవ్వులో సుమారు 20 నుంచి 40 గ్రంథులు పొదిగి ఉంటాయి. ఛాతీ లోపలి చిన్న కండరం, అంటే పెక్టొరాలిస్ మైనర్, వీటికి హద్దు. దానికి కింద, బయటి వైపు ఉన్నవి మొదటి అంచె. కండరం వెనక ఉన్నవి రెండో అంచె. కండరం దాటి మెడ ఎముక వైపు ఉన్నవి మూడో అంచె. క్యాన్సర్ సాధారణంగా ఈ వరసలోనే పైకి పోతుంది. మొదటి అంచెను వదిలేసి నేరుగా మూడోదానికి ఎగబాకడం అరుదు.

ఈ కొవ్వులోంచే చేతికి వెళ్ళే పెద్ద సిర, ధమని, నరాల గుత్తి సాగిపోతాయి. అందులో మూడు నరాలను సర్జన్ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటారు. లాంగ్ థొరాసిక్ నరం తెగితే భుజం ఎముక రెక్కలా వెనక్కి లేస్తుంది. థొరాకోడోర్సల్ నరం తెగితే వీపు కండరం బలహీనపడుతుంది. ఇంటర్‌కోస్టోబ్రాకియల్ నరం తెగితే మోచేతికి పైన లోపలి వైపు తిమ్మిరి పట్టి, చాలామందిలో అలాగే ఉండిపోతుంది.

వ్యాధి దశను చెప్పడానికి గ్రంథుల సంఖ్య ముఖ్యం: 1–3 గ్రంథుల్లో ఉంటే ఎన్1, 4–9 అయితే ఎన్2, 10 లేదా అంతకు మించితే ఎన్3. పరిమాణానికీ కొలతలున్నాయి. 2 మిల్లీమీటర్లు దాటిన మచ్చ మాక్రోమెటాస్టాసిస్. 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్యది మైక్రోమెటాస్టాసిస్. అంతకంటే చిన్నవాటిని విడి కణాల కిందే లెక్కిస్తారు.

చరిత్ర

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో 50 మంది రోగుల వివరాలు ప్రచురించారు. రొమ్ము, ఛాతీ కండరాలు, చంక గ్రంథులు – మూడింటినీ ఒకే ముద్దగా తీసేయడం ఆయన పద్ధతి. క్యాన్సర్ నీటి అలలాగా మధ్య నుంచి బయటికి క్రమంగా పాకుతుందని, గ్రంథులు దానికి గేట్లలాంటివని, ఎంత దూరం కోస్తే అంత మేలని ఆయన నమ్మకం. తర్వాత సుమారు 70 ఏళ్ళు ఈ నమ్మకమే రాజ్యమేలింది. బతికి బయటపడిన స్త్రీలకు గుంట పడిన ఛాతీ, వాచిన చెయ్యి మిగిలాయి.

ఎదురు వాదన బ్రిటన్ నుంచి వచ్చింది. రోంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలను కనుగొన్న ఒక తరం తర్వాత, 1920లలో లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో జెఫ్రీ కీన్స్ రొమ్ములోకి, చంకలోకి రేడియం సూదులు గుచ్చి చికిత్స చేశారు. ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌కు ఈయన తమ్ముడు. 1940లలో ఎడిన్‌బరోలో రాబర్ట్ మెక్‌విర్టర్ రొమ్మును మాత్రమే తీసి, చంకను కిరణాలకు వదిలేశారు. ‘చంకకు కత్తా, కిరణమా?’ అన్న ప్రశ్న సూటిగా ముందుకొచ్చింది అప్పుడే. 1948లో లండన్‌లోనే డేవిడ్ పాటీ పెద్ద ఛాతీ కండరాన్ని వదిలేసే మధ్యేమార్గపు ఆపరేషన్‌ను వివరించారు.

ఈ వివాదాన్ని అభిప్రాయాల నుంచి లెక్కల్లోకి తెచ్చినవారు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. ఆయన నడిపిన ఎన్‌ఎస్‌ఏబీపీ బి-04 అధ్యయనంలో 1971–74 మధ్య 1,600 మందికి పైగా స్త్రీలు చేరారు. చంకలో చేతికి గ్రంథులు తగలనివారిని చీటీ పద్ధతిలో మూడు వర్గాలు చేశారు: హాల్‌స్టెడ్ ఆపరేషన్, రొమ్ము తీసి చంకకు రేడియేషన్, రొమ్ము మాత్రమే తీసి చంకను వదిలేయడం. 25 ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. మూడు వర్గాల ఆయుష్షులో గణాంకపరంగా తేడా లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హాల్‌స్టెడ్ వర్గంలో దాదాపు 40 శాతం మందికి చేతికి తగలని గ్రంథుల్లోనూ క్యాన్సర్ దొరికింది. చంకను వదిలేసిన వర్గంలోనూ అంతమందికి ఉండి తీరాలి. కానీ తర్వాతి కాలంలో చంకలో బిళ్ళలు బయటపడి ఆపరేషన్ అవసరమైంది 18 శాతం మందికే. వీళ్ళెవరికీ కీమో గానీ హార్మోన్ మాత్రలు గానీ ఇవ్వలేదు. గ్రంథి క్యాన్సర్‌ను ఆపే గేటు కాదనీ, వ్యాధి ఎంత దూరం పోయిందో చెప్పే గుర్తు మాత్రమేననీ ఫిషర్ చేసిన వాదనకు ఈ అంకెలే ఆధారం.

శస్త్రచికిత్స: రకాలు, పద్ధతి

పూర్తి చంక ఆపరేషన్‌లో సాధారణంగా మొదటి, రెండో అంచెల గ్రంథులను చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీస్తారు. కనీసం 10 గ్రంథులైనా దొరకాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. గాయంలో ఊరే ద్రవం బయటికి రావడానికి గొట్టం, దాని చివర డబ్బా అమరుస్తారు. రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకుంటూ, బాగా తగ్గాక తీసేస్తారు. గొట్టం తీశాక కూడా లోపల నీరు చేరితే సూదితో లాగాల్సి వస్తుంది.

రెండో రకం సెంటినల్ గ్రంథి పరీక్ష. రొమ్ము నుంచి శోషరసం మొదట చేరే ఒకటి రెండు గ్రంథులే సెంటినల్, అంటే కావలి గ్రంథులు. కావలి దగ్గర దొంగ లేకపోతే ఊళ్ళోనూ లేనట్టే అన్నది దీని తర్కం. 1977లో రామోన్ కబానాస్ పురుషాంగ క్యాన్సర్‌లో ఈ ఊహను ముందుకు తెచ్చారు. డొనాల్డ్ మోర్టన్ 1992లో చర్మపు మెలనోమాకు నీలిరంగు వాడారు. రొమ్ము క్యాన్సర్‌లో డేవిడ్ క్రాగ్ 1993లో రేడియో ధార్మిక పదార్థంతో, అర్మాండో జూలియానో 1994లో నీలిరంగుతో దీన్ని చేసి చూపించారు.

రోగికి మత్తు ఇచ్చాక చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం కింద కొద్దిగా రంగు ఎక్కించి, కొన్ని నిమిషాలు రొమ్మును మర్దన చేస్తారు. చంకలో చిన్న కోత పెట్టి కొవ్వును జాగ్రత్తగా విడదీస్తే, దారప్పోగంత సన్నని నీలి నాళం కనబడుతుంది. దాన్నే పట్టుకుని పోతే, చిక్కుడు గింజంత గ్రంథి ఒక వైపు నీలం ఎక్కి ఉంటుంది. రేడియో ధార్మిక పదార్థం కూడా ఇచ్చి ఉంటే, ఆ కిరణాలను పసిగట్టే గామా ప్రోబ్ పరికరం ఆ గ్రంథి మీదకు రాగానే శబ్దం చిక్కబడుతుంది. తీసిన గ్రంథిని అప్పటికప్పుడే గడ్డకట్టించి కోసి చూసే ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపుతారు, లేదా మామూలు పరీక్షకు పంపి కొన్ని రోజులు ఆగుతారు.

5,600 మంది స్త్రీలు చేరిన ఎన్‌ఎస్‌ఏబీపీ బి-32 అధ్యయనంలో ఈ పరీక్ష సుమారు 10 శాతం సందర్భాల్లో ఉన్న క్యాన్సర్‌ను పట్టుకోలేకపోయింది. అయినా కావలి గ్రంథి శుభ్రంగా ఉన్నవారిలో అక్కడితో ఆగినా, మిగతా గ్రంథులు కూడా తీసినా ఆయుష్షు ఒకలాగే ఉంది.

ఎడిన్‌బరోలో పుట్టిన నాలుగు గ్రంథుల నమూనా పద్ధతి, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కింది చంక నమూనా పద్ధతి కూడా ఇలా కొన్ని గ్రంథులనే తీసి చూసే కోవలోవే. రెండో పద్ధతిలో మొదటి ఇంటర్‌కోస్టోబ్రాకియల్ నరానికి కింద ఉన్న కొవ్వును మాత్రమే తీస్తారు. రేడియో ధార్మిక పదార్థం, గామా ప్రోబ్ లేని ఆసుపత్రిలోనూ చేయగలగడం దీని బలం.

రేడియేషన్: పద్ధతి

నేడు చంకకు కిరణాలిచ్చేది ప్రధానంగా లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం. మొదట రోగిని వాలుబల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి తల మీదుగా పైకి పెట్టించి సీటీ స్కాన్ తీస్తారు. ఏ అంచెలకు ఎంత మోతాదు చేరాలి, ఊపిరితిత్తికి, గుండెకు, భుజం కీలుకు ఎంత తగ్గాలి అన్నది కంప్యూటర్‌లో గీసుకుంటారు. చర్మం మీద పచ్చబొట్టు చుక్కలు గానీ ఇంకు గీతలు గానీ పెడతారు. ప్రతిరోజూ యంత్రం కింద గడిచేది కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు.

కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తారు. పాత ప్రమాణం రోజుకు 2 గ్రే చొప్పున 25 రోజులు, మొత్తం 50 గ్రే. బ్రిటన్‌లో స్టార్ట్ అధ్యయనాల తర్వాత 15 రోజుల్లో 40 గ్రే ఇచ్చే పొట్టి పద్ధతి రొమ్ముకు స్థిరపడింది. గ్రంథుల ప్రాంతానికి కూడా ఇది సరిపోతుందా అని డెన్మార్క్‌లో, ఫ్రాన్స్‌లో పెద్ద అధ్యయనాలు జరిగాయి. చెయ్యి వాపు అదనంగా పెరగలేదని వాటి ఫలితం.

దుష్ప్రభావాల్లో చర్మం కమిలిపోవడం, అలసట తొందరగా వచ్చి పోతాయి. భుజం బిగుసుకుపోవడం, ఊపిరితిత్తి పైభాగం గట్టిపడటం నెలల తర్వాత కనిపించవచ్చు. చేతి నరాల గుత్తి దెబ్బతినడం అన్నిటికంటే భయంకరమైనది. రోజువారీ మోతాదు ఎక్కువగా ఇచ్చిన, కిరణాల గళ్ళు ఒకదాని మీద ఒకటి పడిన పాతరోజుల్లో కొందరు స్త్రీల చెయ్యే చచ్చుబడిపోయింది. ఇప్పటి మోతాదుల్లో, సీటీ ప్రణాళికతో ఇది చాలా అరుదు.

ముఖాముఖి పోలిక: అమరోస్ అధ్యయనం

కత్తినీ కిరణాన్నీ నేరుగా పోల్చిన వాటిలో అన్నిటికంటే బరువైనది యూరప్‌లో 2001–2010 మధ్య జరిగిన అమరోస్. చేతికి గ్రంథులు తగలని, తొలి దశ క్యాన్సర్ ఉన్న 4,800 మందికి పైగా ఇందులో చేరారు. వారిలో సెంటినల్ గ్రంథిలో క్యాన్సర్ దొరికిన 1,425 మంది మీదే అసలు పోలిక. 744 మందికి పూర్తి చంక ఆపరేషన్, 681 మందికి చంకకు రేడియేషన్ కేటాయించారు.

ఐదేళ్ళకు చంకలో క్యాన్సర్ తిరగబెట్టినవారు ఆపరేషన్ వర్గంలో నలుగురు, అంటే 0.43 శాతం. రేడియేషన్ వర్గంలో ఏడుగురు, 1.19 శాతం. పదేళ్ళకు ఈ అంకెలు 0.93, 1.82 శాతానికి చేరాయి. ఆయుష్షులో గణాంకపరమైన తేడా లేదు. ఐదేళ్ళ నాటికి చెయ్యి వాపు లక్షణాలు ఆపరేషన్ వర్గంలో 23 శాతం మందికి, రేడియేషన్ వర్గంలో 11 శాతం మందికి కనిపించాయి. సగానికి సగం.

ఆపరేషన్ చేసినవారిలో దాదాపు మూడో వంతు మందికి సెంటినల్ కాక ఇతర గ్రంథుల్లోనూ క్యాన్సర్ దొరికింది. రేడియేషన్ వర్గంలోనూ అంతమందిలో ఆ గ్రంథులు లోపలే ఉండిపోయాయన్నమాట. అయినా పదేళ్ళలో చంకలో తిరగబెట్టింది వందకు ఇద్దరిలోపే. కిరణాల శక్తికి ఇంతకు మించిన రుజువు ఈ రంగంలో దొరకదు.

ఇక ఎదురు వాదన. క్యాన్సర్ తిరగబెట్టినవారు అనుకున్న దానికంటే చాలా తక్కువ కావడంతో, ‘రేడియేషన్ ఏమాత్రం తీసిపోదు’ అన్న ప్రతిపాదనను గణాంకపరంగా నిరూపించే బలం ఈ అధ్యయనానికి చాలలేదు. పదేళ్ళ లెక్కలో కొత్తగా మరో క్యాన్సర్ వచ్చినవారు రేడియేషన్ వర్గంలో 12.1 శాతం, ఆపరేషన్ వర్గంలో 8.3 శాతం. ఈ చివరి లెక్క ముందుగా వేసుకున్న ప్రశ్నకు జవాబు కాదు, తర్వాత వెతికి చూసింది. కాబట్టి తీర్పుగా కాక హెచ్చరికగా చూడాలి. నలభై ఏళ్ళ రోగి ముందు ఇంకా బోలెడు జీవితం ఉంటుంది కనుక ఆమె విషయంలో ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు.

బుడాపెస్ట్‌లో 474 మందితో జరిగిన ఓటోఅసోర్ అధ్యయనం ఇదే దారిలో నడిచింది. ఎనిమిదేళ్ళకు చంకలో తిరగబెట్టడం ఆపరేషన్ వర్గంలో 2 శాతం, రేడియేషన్ వర్గంలో 1.7 శాతం.

రెండూ లేకుండా? – ఇతర అధ్యయనాలు

జూలియానో నడిపిన జడ్ 0011 అధ్యయనం అసలు ప్రశ్ననే మార్చింది. రొమ్మును కాపాడే ఆపరేషన్, మొత్తం రొమ్ముకు రేడియేషన్ పొందే స్త్రీలలో సెంటినల్ గ్రంథులు ఒకటి రెండింట్లో క్యాన్సర్ ఉంటే, చంకలో ఇంకేమీ చేయకపోతే ఏమవుతుంది? 891 మందితో వచ్చిన జవాబు: పదేళ్ళకు జీవించి ఉన్నవారు అక్కడితో ఆగిన వర్గంలో 86.3 శాతం, పూర్తి చంక ఆపరేషన్ వర్గంలో 83.6 శాతం. ఆగినందుకు నష్టం లేదు.

అయితే ఇందులో సుమారు 1,900 మందిని చేర్చాలనుకున్నారు, అందరూ దొరకలేదు. పైగా రొమ్ముకిచ్చే కిరణాలు చంక మొదటి అంచెను కొంత తాకుతాయి. తర్వాత రికార్డులు తిరగేస్తే, వివరాలు దొరికినవారిలో దాదాపు ఐదో వంతు మందికి గ్రంథుల కోసమే ప్రత్యేకంగా రేడియేషన్ ఇచ్చినట్టు తేలింది. ‘ఏమీ చేయని చంక’ అన్న మాట అక్షరాలా నిజం కాదు. 2024లో వెలువడిన సెనోమాక్ అధ్యయనం రొమ్ము మొత్తం తీసేసినవారినీ, పెద్ద గడ్డలున్నవారినీ కలుపుకుని దాదాపు ఇదే ఫలితం చూపింది. అందులో ఎక్కువమందికి గ్రంథుల రేడియేషన్ అందింది.

మరో అడుగు ముందుకేసినవి సౌండ్ (2023), ఇన్‌సెమా (2024) అధ్యయనాలు. చిన్న గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా కనిపించినవారిలో సెంటినల్ పరీక్ష కూడా మానేయవచ్చని ఇవి చూపించాయి.

చెయ్యి వాపు

చూడండి: లింఫెడిమా, ఫిజియోథెరపీ

శోషరసం పోయే దారి మూసుకుపోతే చేతిలో అది నిలిచిపోతుంది. మొదటి గుర్తులు పరీక్షలో కంటే ఇంట్లోనే ముందు కనబడతాయి. ఒక చేతి గాజులు మోచేతి వైపు జరగవు. ఉంగరం ముడి దగ్గర ఇరుక్కుంటుంది. జాకెట్టు కుడి చెయ్యి సరిపోయి ఎడమ చెయ్యి బిగుస్తుంది. ఆసుపత్రిలో టేపుతో రెండు చేతుల చుట్టుకొలతా అవే చోట్ల కొలిచి తేడా రాస్తారు. 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా వాపు కింద లెక్క.

చికిత్స బిగుతు స్లీవ్, కట్లు, నిపుణుల చేత మర్దన, వ్యాయామం. పూర్తిగా పోగొట్టడం కష్టం. అందుకే ఏ చికిత్సకు ఎంత వాపు వస్తుందన్నది ఈ పోలికలో గుండెకాయ. సెంటినల్ పరీక్ష ఒక్కటే అయితే ముప్పు తక్కువ, రేడియేషన్‌తో పెరుగుతుంది, పూర్తి ఆపరేషన్‌తో ఇంకా పెరుగుతుంది, రెండూ కలిస్తే అన్నిటికంటే ఎక్కువ. అధిక బరువు కూడా ముప్పును పెంచుతుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు అన్న పాత ఆంక్షలు వాపును నిజంగా ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. పుండ్లు పడకుండా, చీము పట్టకుండా చూసుకోవడం మాత్రం అవసరం.

ఆపరేషన్ అయినవారి చేత గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి పాకించే వ్యాయామం చేయిస్తారు. భుజం లేవకపోతే రేడియేషన్‌కు చెయ్యి తల మీదుగా పెట్టడం కుదరదు, చికిత్స వెనక్కి జరుగుతుంది. ఈ చిన్న వ్యాయామాన్ని చీటీలో చివరి వరసలో రాసి వదిలేయడం తగదు.

కీమోథెరపీ ముందు ఇచ్చినప్పుడు

పైన చెప్పిన అధ్యయనాల్లో చాలావరకు ఆపరేషన్ ముందు, మందులు తర్వాత. గడ్డ పెద్దదైనప్పుడు, చంకలో బిళ్ళలు స్పష్టంగా ఉన్నప్పుడు కీమో ముందిస్తారు; అప్పుడు లెక్క మారుతుంది. కీమోతో గ్రంథులు పూర్తిగా శుభ్రపడితే, ముందే క్లిప్పు పెట్టి గుర్తించిన గ్రంథిని సెంటినల్ గ్రంథులతో కలిపి తీసే లక్షిత పద్ధతి వాడుకలోకి వచ్చింది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ సెంటర్ దీన్ని ముందుకు తెచ్చింది. ఇలా శుభ్రపడినవారికి గ్రంథుల రేడియేషన్ కలిపితే లాభముందా అని ఎన్‌ఎస్‌ఏబీపీ బి-51 అధ్యయనం 1,641 మందిలో పరిశీలించింది. ఐదేళ్ళకు అదనపు లాభం కనబడలేదు.

కీమో తర్వాత కూడా గ్రంథుల్లో క్యాన్సర్ మిగిలితే ఆ కణాలు మందుకు లొంగనివి. అక్కడ పూర్తి ఆపరేషన్‌కు బదులు రేడియేషన్ చాలునని అమరోస్‌ను చూపి చెప్పడం సరికాదు. అందులో ఉన్నది వేరే రోగులు. ఈ ప్రశ్న కోసమే అలయన్స్ ఏ011202 అధ్యయనాన్ని రూపొందించారు.

ఎవరికి ఏది

చంకలో చేతికి ఏమీ తగలక, సెంటినల్ గ్రంథులు ఒకటి రెండింట్లో క్యాన్సర్ ఉన్నప్పుడు పూర్తి ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు. రొమ్ము మొత్తం తీసేసి, సెంటినల్‌లో క్యాన్సర్ ఉంటే అమరోస్ తరహా రేడియేషన్ బలమైన ప్రత్యామ్నాయం. అప్పుడే కృత్రిమ రొమ్ము అమర్చుకునేవారిలో మాత్రం కిరణాలు ఆ పనిని చెడగొట్టవచ్చు. చంకలో గ్రంథులు ముద్దలుగా అతుక్కుపోయి ఉంటే ఆపరేషన్‌దే ముందు స్థానం. క్యాన్సర్ ఉన్న గ్రంథుల మొత్తం సంఖ్య తెలిస్తేనే మందుల నిర్ణయం తేలే సందర్భాల్లోనూ అంతే. నాలుగు లేదా అంతకు మించిన గ్రంథుల్లో క్యాన్సర్ దొరికితే ఆపరేషన్ అయ్యాక కూడా మెడ ఎముక ప్రాంతానికి రేడియేషన్ ఇస్తారు. మొదట ఒకటి, తర్వాత రెండోది అన్న ఈ జంట భారం ముందే ఊహించదగినదైతే, సర్జన్, రేడియేషన్ వైద్యుడు, మెడికల్ ఆంకాలజిస్టు ఆపరేషన్‌కు ముందే ఒకచోట కూర్చోవాలి. తర్వాత కూర్చుంటే తీసిన గ్రంథులు తిరిగి రావు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతీయ స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. ప్రపంచ క్యాన్సర్ అంచనాల ప్రకారం 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల కొత్త కేసులు వచ్చాయి. చాలామంది గడ్డ పెద్దదయ్యాక, చంకలో బిళ్ళలు చేతికి తగిలే స్థితిలో ఆసుపత్రికి వస్తారు. కాబట్టి అమరోస్, జడ్ 0011 ఫలితాలు వర్తించే తొలి దశ రోగుల వాటా పాశ్చాత్య దేశాల కంటే ఇక్కడ తక్కువ, పూర్తి చంక ఆపరేషన్ల వాటా ఎక్కువ. సెంటినల్ పరీక్షకు ఖరీదైన రంగు బదులు చవకైన మిథిలీన్ బ్లూను ఇక్కడి సర్జన్లు విరివిగా వాడతారు.

రేడియేషన్‌కు అడ్డంకి దూరం. యంత్రాలు ఎక్కువగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, తిరుపతి వంటి నగరాల్లోనే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చులను భరించింది. మూడు నుంచి ఐదు వారాలు ఊరు వదిలి ఉండటానికయ్యే గది అద్దె, తోడు వచ్చినవారి కూలి నష్టం మాత్రం కుటుంబం మీదే పడతాయి. ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి వచ్చే స్త్రీ విషయంలో 25 రోజులు 15 రోజులైతే, చికిత్స మధ్యలో ఆగిపోయే ముప్పు తగ్గుతుంది. పత్తి ఏరడం, నాట్లు వేయడం, నీళ్ళ బిందె మోయడం ఆమె రోజువారీ పనులు కాబట్టి చెయ్యి వాపు లెక్క కూడా అంతే బరువైనది.

ఇలా వచ్చేవారిలో ఎందరో మరోచోట ఆపరేషన్ అయి, పాలిథిన్ కవరులో పెథాలజీ రిపోర్టు పట్టుకుని వస్తారు. రేడియేషన్ వైద్యుడు అందులో మొదట వెతికేది ఒక్క అంకె. ‘2/15’ అని ఉంటే తీసిన పదిహేను గ్రంథుల్లో రెండింట్లో క్యాన్సర్ ఉంది; చంక ఆపరేషన్ సరిగ్గా జరిగింది. ‘2/4’ అని ఉంటే లోపల ఇంకెన్ని మిగిలాయో తెలియదు; కిరణాలు ఏ అంచె దాకా వెళ్ళాలో మళ్ళీ స్కాన్ తీసి తేల్చాలి.